మూడు సరిహద్దులు, ఒక సర్వనామం

మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్ తీరప్రాంతంలో లా ఎర్రదూరా అనే చిన్న ఊరు ఉంది. 1999లో ఆ ఊరి నుంచి తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు అమెరికాలో ఉన్న అమ్మానాన్నలను చేరుకోవడానికి బయలుదేరాడు. తాతయ్య గ్వాటెమాలా దాకా వెంట వచ్చి, అక్కడి నుంచి వెనక్కి మళ్లాడు. ఆ తర్వాత తోడున్నవారంతా పరాయివాళ్లే. రెండు వారాల్లో చేరిపోతాడని ఇంట్లోవాళ్లు అనుకున్న ప్రయాణానికి తొమ్మిది వారాలు పట్టింది. సముద్రం మీద పడవలో, తర్వాత బస్సుల్లో, చివరికి సొనోరా ఎడారిలో కాలినడకన సాగిన ఆ దారిలో అతను నేర్చుకోవలసి వచ్చిన పాఠాల్లో ఒకటి, మెక్సికో పిల్లవాడిలా మాట్లాడటం. డబ్బు తీసుకుని సరిహద్దులు దాటించే దళారులను అక్కడ ‘కొయోటే’లంటారు, అది నక్కను పోలిన ఒక అడవి జంతువు పేరు. పోలీసులు ఆపితే ఏం చెప్పాలో, సొంత యాసలోని ఏ మాటలు నోటి నుంచి జారకూడదో ఆ దారిలో వల్లె వేయించేవారు. ఆ పిల్లవాడే హవియర్ సమోరా. పెరిగి కవి అయ్యాక, 2022లో ‘సొలీతో’ అనే జ్ఞాపకాల పుస్తకంలో ఈ ప్రయాణాన్ని రాశాడు.

దాచుకోవలసిన మాటల్లో అన్నిటికన్నా చిన్నది ఒక సర్వనామం. స్పానిష్‌లో చనువున్నవారిని పిలిచే ‘నువ్వు’ను మెక్సికోలో ‘తూ’ అంటారు. ఎల్ సాల్వడార్, హోండురాస్, గ్వాటెమాలా, నికరాగువాల్లో ఎక్కువగా వినిపించేది ‘వోస్’. మన ‘మీరు’ లాంటి ‘ఉస్తేద్’ ఇరువైపులా ఉంది కాబట్టి మర్యాదగా మాట్లాడినంతసేపూ మనిషి ఏ దేశంవాడో బయటపడదు. చనువుగా నోరు విప్పిన క్షణంలోనే దొరికిపోతాడు. ‘వోస్’తో పాటు క్రియ కూడా మారుతుంది. ‘నీకు కావాలా’ అనడానికి మెక్సికోవారు ‘కియేరెస్’ అంటే, సాల్వడార్‌వారు చివరి అక్షరం మీద బరువు పెట్టి ‘కెరేస్’ అంటారు. ‘వస్తున్నావా’కూ ‘వస్తున్నవా’కూ మధ్య ఉన్న ఒక్క దీర్ఘం మాట్లాడిన మనిషి ఏ జిల్లావాడో మనకు చెప్పేసినట్టే, ఆ ఒక్క అక్షరం మీది బరువు అక్కడ చెప్పేస్తుంది. తేడా ఏమిటంటే, అక్కడ దాని ఫలితం నిర్బంధమూ దేశబహిష్కరణా కావచ్చు.

వలస సాహిత్యం అనగానే ఊరిమీద బెంగ, అమ్మచేతి వంట, తిరిగి వెళ్లలేని ఇల్లు గుర్తుకు రావడం సహజం. మధ్య అమెరికా వలసల పాటల్లోనూ పుస్తకాల్లోనూ అవన్నీ ఉన్నాయి. అయితే వాటికి ప్రత్యేకతను ఇచ్చేది వేరొకటి ఉందని నా అభిప్రాయం. ఈ వలసదారు తన గుర్తింపును రెండుసార్లు మింగవలసి వస్తుంది. దారిలో ప్రాణం కాపాడుకోవడానికి మెక్సికోవాడినని చెప్పుకుంటాడు. అమెరికా చేరాక చుట్టుపక్కలవారు అతన్ని ఎలాగూ మెక్సికోవాడనే అనుకుంటారు. సాల్వడార్‌వాడు, హోండురాస్‌వాడు అనే గుర్తింపు అతనికి సొంతదేశంలో ఉన్నప్పుడు పెద్దగా అవసరం పడనిది. దాచవలసి వచ్చినప్పుడే దాని బరువు తెలుస్తుంది. ఈ ప్రాంతపు వలస గీతాలనూ రచనలనూ ఆ మింగిన మాటను తిరిగి పలికే ప్రయత్నాలుగా చదివితే, విడివిడిగా కనిపించే అనేక విషయాల మధ్య సంబంధం తెలుస్తుంది.

మన పత్రికల్లో ఈ ప్రాంతం పేరు ఈ మధ్య ఎక్కువగా వినిపించింది ఒక విమానం వల్ల. 2023 డిసెంబరులో 303 మంది ప్రయాణికులతో, వారిలో అత్యధికులు భారతీయులే, నికరాగువా వెళ్తున్న విమానాన్ని ఫ్రాన్స్‌లోని వాత్రీ విమానాశ్రయంలో ఆపేశారు. ‘డంకీ రూట్’ అని మనం విన్న దారి ఈ దేశాల మీదుగానే పోతుంది. ఆ దారి మనవాళ్ల కోసం పుట్టలేదు. దానిని పడేలా చేసిన చరిత్ర మరొకటి.

ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలను కలిపే సన్నని భూభాగంలో గ్వాటెమాలా, బెలీజ్, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా, కోస్టారికా, పనామా అనే ఏడు దేశాలున్నాయి. గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో చనిపోయినవారూ మాయమైనవారూ కలిపి రెండు లక్షల మంది అని 1999లో సత్యశోధన కమిషన్ అంచనా వేసింది. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మంది మాయా ఆదివాసులు. ఎల్ సాల్వడార్‌లో 1980 నుంచి 1992 దాకా జరిగిన యుద్ధం దాదాపు 75,000 మందిని బలితీసుకుంది. నికరాగువాలో 1979 విప్లవం తర్వాత, కొత్త ప్రభుత్వం మీద ‘కాంట్రా’లనే తిరుగుబాటు దళాల యుద్ధం మొదలైంది. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌నూ నికరాగువానూ చిన్నాభిన్నం చేసింది. ఇన్ని కారణాల మధ్య మరో చిక్కు ఉంది. సాల్వడార్ సైనిక ప్రభుత్వానికి ఆయుధాలూ డబ్బూ ఇస్తున్నది అమెరికాయే కాబట్టి, ఆ ప్రభుత్వానికి భయపడి పారిపోయి వచ్చినవారిని శరణార్థులుగా ఒప్పుకోవడం అమెరికాకు ఇబ్బంది. 1980ల నడుమ సాల్వడార్, గ్వాటెమాలా ప్రజల శరణు దరఖాస్తుల్లో ఆమోదం పొందినవి 3 శాతం కూడా లేవు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారు కాగితాల మీద ‘ఆర్థిక వలసదారులు’గా మారారు. అంటే ఎందుకు వచ్చారో చెప్పే మాట కూడా వారి చేతిలో లేకుండా పోయింది. ఆ మాట పాటలోకీ కథలోకీ వెళ్లడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఈ రోజు ఎల్ సాల్వడార్ జనాభా సుమారు 60 లక్షలు. అమెరికాలో సాల్వడార్ మూలాలున్నవారు దాదాపు 25 లక్షలు. వలసదారులు పంపే డబ్బు ఆ దేశ స్థూలోత్పత్తిలో ఐదో వంతుకు మించి ఉంది. దేశంలో పరిపాలనా విభాగాలు 14 ఉంటే, బయట ఉన్నవారిని ‘పదిహేనో జిల్లా’ అని పిలవడం అక్కడి పత్రికల్లో అలవాటైపోయింది. ‘దూరపు అన్న’ అనే అర్థం వచ్చే ‘ఎర్మానో లెహానో’ అన్న మాట కూడా వాడుకలో ఉంది. నెలనెలా డబ్బు పంపే మనిషిని ఆప్యాయంగానూ కాస్త దూరంగానూ నిలబెట్టే మాట అది.

వలస యుద్ధంతో మొదలైందనుకుంటే పొరపాటు. ఆ సంగతి చెప్పినవాడు రోకే డాల్టన్. 1935లో పుట్టిన ఈ సాల్వడార్ కవి జైళ్లలోనూ, మెక్సికో, క్యూబా, ప్రాగ్‌లలో ప్రవాసంలోనూ గడిపి, చివరికి సాయుధ పోరాటంలో చేరడానికి స్వదేశానికి తిరిగి వచ్చాడు. 1975 మే 10న, 40 ఏళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు, సొంత దళంలోని సహచరులే ద్రోహి అన్న అబద్ధపు ముద్ర వేసి అతన్ని చంపారు. 1974లో మెక్సికోలో వెలువడిన అతని పుస్తకంలో ‘ప్రేమ కవిత’ అనే పద్యం ఉంది. ఆ పేరు చూసి తెరిచినవారికి ప్రేయసి ఎక్కడా కనిపించదు. పద్యమంతా ఒక జాబితా. పనామా కాలువను వెడల్పు చేయడానికి పోయి ‘వెండి జాబితా’లో కూలి తీసుకున్నవారు, కాలిఫోర్నియాలోని స్థావరాల్లో నౌకాదళపు ఓడలు బాగుచేసినవారు, పరాయి దేశాల జైళ్లలో దొంగలనీ స్మగ్లర్లనీ ఆకలిగొన్నవారనీ కుళ్లిపోయినవారు, ఎప్పటికీ కాగితాలు లేనివారు, ఏ పనైనా చేసేవారు, ఏదైనా అమ్మేవారు, ఏదైనా తినేవారు. చివరికి వీళ్లందరినీ నా దేశస్థులు, నా సోదరులు అంటాడు కవి.

ఆ ‘వెండి జాబితా’ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పనామా కాలువ పనుల్లో అమెరికన్లకు జీతం బంగారు నాణేలలో, కరీబియన్ దీవులవారికీ ఇతర కూలీలకూ వెండి నాణేలలో ఇచ్చేవారు. జీతం పట్టీలోని ఆ విభజన క్రమంగా క్యాంటీన్లకూ ఇళ్లకూ పాకి వర్ణవివక్ష వ్యవస్థగా మారింది. మధ్య అమెరికా మనిషి పరాయి దేశపు పుస్తకంలో ఏ వరుసలో నమోదయ్యాడన్నది డాల్టన్‌కు చరిత్రంతా చెప్పే వివరం. అందుకే దానిని పద్యం మొదట్లోనే పెట్టాడు. దేశభక్తి గీతాల్లో నదులూ కొండలూ ఉండవలసిన చోట ఈ కవి తిట్లనూ నిందలనూ పేర్చి, వాటిని బిరుదుల్లా మార్చాడు. ఈ పద్యాన్ని దేశంలోనూ బయటా సాల్వడార్‌వారు దాదాపు రెండో జాతీయ గీతంలా చదువుతుంటారు.

కవిత చేరని చోటికి పాట చేరింది. 1988లో లోస్ తీగ్రెస్ దెల్ నోర్తే అనే బృందం ‘త్రెస్ వేసెస్ మొహాదో’ అనే పాటను విడుదల చేసింది. ‘మొహాదో’ అంటే తడిసినవాడు. రియో గ్రాండే నదిని ఈది అమెరికాలోకి వచ్చినవారిని ఎత్తిపొడవడానికి పుట్టిన మాట. ‘త్రెస్ వేసెస్’ అంటే మూడుసార్లు. పాటలో మాట్లాడేది ఒక సాల్వడార్ మనిషి. మెక్సికోవాడు ఒక్క సరిహద్దే దాటాలి. ఇతను గ్వాటెమాలా, మెక్సికో, అమెరికా మూడింటిలోకీ కాగితాలు లేకుండా దూరాలి. భాష ఒకటే, ఒంటి రంగూ ఒకటే, మరి నన్ను పరాయివాడని ఎలా అంటారు అని అడుగుతాడు. మెక్సికోవాడిని ఈ రోజు తరిమేస్తే రేపటికి మళ్లీ వచ్చేస్తాడు, నాకు ఆ భాగ్యం లేదంటాడు. నడిచిన ఐదు వేల కిలోమీటర్లూ ఒక్కొక్కటిగా గుర్తున్నాయంటాడు.

విచిత్రం ఏమిటంటే, ఈ పాట పాడినవారు సాల్వడార్‌వారు కారు. వారు మెక్సికోలోని సినలోవా రాష్ట్రం నుంచి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిన అన్నదమ్ములూ బంధువులూ. పాట రాసిన ఎన్రికే ఫ్రాంకో కూడా మెక్సికో మనిషే. అకార్డియన్, పన్నెండు తీగల బాహో సెక్స్తో మీద సాగే ఆ నోర్తేన్యో బాణీ మెక్సికో ఉత్తర ప్రాంతానిది. అంటే, మెక్సికో దాటడం ఎంత కష్టమో మెక్సికో సంగీతంలోనే, మెక్సికోవారి గొంతులోనే మధ్య అమెరికా వలసదారు విన్నాడు. దీన్ని అద్దెకు తెచ్చుకున్న గొంతు అని కొందరు తేలిగ్గా తీసేయవచ్చు. నాకు అది అంత తేలిక విషయంగా కనిపించదు. దారి పొడుగునా మెక్సికోవాడిలా నటించిన మనిషికి, మెక్సికో పాటలోనే తన సొంత కథ దొరికిందంటే, ఆ నటన పాటలో తిరగబడిందన్నమాట. పైగా ఆ బృందానికి ఉన్న శ్రోతల్లో అధికులు మెక్సికోవారు. తమ దేశం మరొకరికి సరిహద్దుగా మారిందన్న సంగతి వారికి ఇష్టమైన గాయకులే వారికి వినిపించారు.

గ్వాటెమాలా, మెక్సికోల మధ్య సరిహద్దు సుచియాతే నది. లారీ టైర్ల ట్యూబులను కలిపి కట్టి, వాటి మీద చెక్కలు పరిచిన తెప్పలు ఆ నది మీద పగలంతా అటూ ఇటూ తిరుగుతుంటాయి; సబ్బులూ నూనె డబ్బాలూ మొక్కజొన్న పిండి బస్తాలూ, వాటి మధ్య మనుషులూ. ఆ తెప్పల వెనుకనే అధికారుల వంతెన కనిపిస్తుంది. పాటలోని రెండో ‘తడవడం’ ఈ నది దగ్గరే, అదీ చాలామందికి పాదాలు మాత్రమే తడుస్తాయి. అసలు కష్టం నది దాటాక మొదలవుతుంది. ‘లా బెస్తియా’, అంటే మృగం, అని పేరుపడ్డ సరుకు రైళ్ల కప్పుల మీద వేలాది మంది ఉత్తరానికి పోయారు. సాల్వడార్ పత్రికా రచయిత ఒస్కార్ మార్తీనెస్ ఆ రైళ్లెక్కి, వలసదారులతో తిరిగి, ఎవరికీ పట్టని వలసదారులు అనే అర్థం వచ్చే పేరుతో 2010లో పుస్తకం తెచ్చాడు. అదే ఏడాది ఆగస్టులో మెక్సికోలోని సాన్ ఫెర్నాందోలో 72 మంది వలసదారులను నేరముఠా కాల్చి చంపింది. మృతుల్లో ఎక్కువమంది మధ్య అమెరికావారే. తర్వాత, 2018లో, చియాపాస్ రాష్ట్రానికి చెందిన మెక్సికో కవి బాలాం రొద్రీగో చనిపోయిన మధ్య అమెరికా వలసదారులే మాట్లాడే కవితల సంపుటి ప్రచురించాడు. అందులో కవితలకు శీర్షికలుగా అక్షాంశ రేఖాంశాలున్నాయి. సమాధి లేనివారికి చిరునామా అది. ఇక్కడా మాట్లాడింది మెక్సికో కవే అన్నది గమనించదగ్గది.

పాటకు ఉన్న ఈ శక్తిని కనిపెట్టినవారిలో అమెరికా సరిహద్దు రక్షణ శాఖ కూడా ఉంది. 2014లో తల్లిదండ్రులు తోడు లేకుండా వచ్చి సరిహద్దులో పట్టుబడిన పిల్లల సంఖ్య 68,000 దాటినప్పుడు, ఆ శాఖ ఒక ప్రకటనల సంస్థ చేత ‘లా బెస్తియా’ అనే పాట చేయించింది. కుంబియా అనే హుషారైన లాటిన్ అమెరికా నాట్య లయలో, రైలు ఎంత ప్రమాదకరమో చెప్పే ఆ పాట ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురాస్ రేడియోల్లో మోగింది. దానికి డబ్బు పెట్టిందెవరో శ్రోతలకు చెప్పలేదు. పాట చెప్పిన ప్రమాదాలు నిజమే. కానీ వలసదారు అనుభవాన్ని వలసదారునే ఆపడానికి పాటగా కట్టినప్పుడు, ఆ గొంతు ఎవరిదన్న ప్రశ్న తప్పదు. తీగ్రెస్ బృందం కూడా మరొకరి కథనే పాడింది. అయితే ఆ పాట పాడింది ఎవరో అందరికీ తెలుసు.

సొంత వాద్యంతో సొంత మాట పాడుకున్న ఉదాహరణ వాషింగ్టన్ చుట్టుపక్కల ఉంది. అక్కడి సాల్వడార్‌వారిలో ఎక్కువమంది ఆ దేశపు తూర్పు జిల్లాల నుంచి వచ్చారు. తూర్పు ప్రాంతపు పల్లె సంగీతానికి ‘చంచోనా’ అని పేరు. మాటకు అర్థం పెద్ద ఆడపంది. నిలబెట్టి వాయించే లావాటి బాస్ వాద్యానికి పల్లెవాసులు పెట్టిన ముద్దుపేరు అది, తర్వాత మేళం మొత్తానికీ అదే స్థిరపడింది. రెండు వయొలిన్లు, గిటార్లు, డప్పులు, ఈ పంది. ఉత్తర వర్జీనియాలో స్థిరపడిన లోస్ ఎర్మానోస్ లోవో అనే కుటుంబ బృందం పాటలను స్మిత్సోనియన్ సంస్థ 2011లో ఆల్బమ్‌గా తెచ్చింది. నగరంలోని సాల్వడార్ మధ్యతరగతి ఒకప్పుడు మోటు సంగీతమని పట్టించుకోని ఈ మేళం, అమెరికా రాజధాని శివార్లలో దేశానికి ప్రతినిధి అయింది. వలస ఇలాంటి తారుమారు తరచుగా చేస్తుంది. సొంత ఊళ్లో తూర్పు, పడమర, పల్లె, పట్నం అని విడిపోయినవారు పరాయి గడ్డ మీద ఒకే వంటకం, ఒకే మేళం కిందకు చేరతారు. ఆ చేరికలో ఎవరి రుచి నెగ్గుతుందన్నది ఊరి హోదాల మీద ఆధారపడదు. ఏ ప్రాంతంవారు ఎక్కువగా వలస వచ్చారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇలా కలిసిపోయే జాతీయ గుర్తింపు మీద అసహ్యం పుట్టినవాడి కథ కూడా ఈ సాహిత్యంలో ఉంది. ఒరాసియో కస్తెయానోస్ మోయా 1997లో రాసిన ‘ఎల్ ఆస్కో’ అనే చిన్న నవలలో, కెనడాలో పద్దెనిమిదేళ్లు గడిపిన ఒక అధ్యాపకుడు తల్లి అంత్యక్రియలకు సాన్ సాల్వడార్ వచ్చి, బారులో కూర్చుని ఏకబిగిన దేశాన్ని తిడతాడు. బీరు బాగాలేదు, బడులు బాగాలేవు, మనుషులందరూ సైనికుల్లా కనిపించాలనుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా పుపూసా బాగాలేదు. పుపూసా అంటే మొక్కజొన్న పిండి ముద్ద మధ్యలో చీజో ఉడికించిన చిక్కుడు గింజల ముద్దో పెట్టి, చేత్తో తట్టి, పెనం మీద కాల్చే మందపాటి రొట్టె. పక్కన పులిసిన క్యాబేజీ. 2005లో ప్రభుత్వమే దాన్ని జాతీయ వంటకంగా ప్రకటించింది. ప్రవాసులకు అది ఊరి రుచి. ఈ కథలోని మనిషికి జిడ్డు. పుస్తకం వచ్చాక రచయితకు చంపుతామని బెదిరింపులు వచ్చి దేశం విడవవలసి వచ్చింది. కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. అంతసేపు దేశాన్ని ఏవగించుకున్న ఆ మనిషి, ఒక రాత్రి తన కెనడా పాస్‌పోర్టు పోయిందనుకుని వణికిపోతాడు. పేరు మార్చుకున్నాడు, పౌరసత్వం మార్చుకున్నాడు; ఆ చిన్న పుస్తకం లేకపోతే మాత్రం మళ్లీ ఇక్కడివాడైపోతాడు. గుర్తింపు మీద రాసిన గంభీరమైన వ్యాసాలు చాలా చెప్పలేని సంగతిని ఆ కంగారు చెప్పేస్తుంది.

అమెరికాలో పుట్టి పెరిగిన తరానికి సమస్య మరోలా ఉంది. లాస్ ఏంజెలెస్‌లో గ్వాటెమాలా తల్లిదండ్రులకు పుట్టిన హెక్టర్ తోబార్ 1998లో రాసిన ‘పచ్చబొట్టు సైనికుడు’ అనే నవలలో, భార్యాబిడ్డలను కోల్పోయి లాస్ ఏంజెలెస్ చేరిన గ్వాటెమాలా శరణార్థి ఒకడు మెకార్థర్ పార్కులో చదరంగం ఆడుతున్న మనిషి చేతి మీద జాగ్వార్ పచ్చబొట్టు చూస్తాడు. తన కుటుంబాన్ని చంపిన సైనికుడు అతనే. చంపినవాడూ, చంపబడినవారి వాడూ ఇద్దరూ వలస వచ్చి ఒకే పార్కులో తిరుగుతున్నారు; ఆ నగరం దృష్టిలో ఇద్దరూ ఒకే రకం మనుషులు. కథ ఆ నగరంలో జరిగిన 1992 అల్లర్ల దాకా సాగుతుంది. మధ్య అమెరికా వలస సమాజాన్ని బాధితుల సమూహంగా మాత్రమే చూపే రచనలు ఎన్నో ఉన్నాయి. వాటి మధ్య ఈ నవల చూపిన ధైర్యం అరుదైనది.

ఈ తరానికి పేరు వెతకడమే ఒక సాహిత్య ప్రక్రియలా సాగింది. విమర్శకుడు ఆర్తురో ఆరియాస్ 2003లో ‘సెంట్రల్ అమెరికన్–అమెరికన్’ అనే మాటను చర్చకు పెట్టాడు. అమెరికా అన్న మాట రెండుసార్లు వచ్చే ఆ వికారమే దాని ప్రయోజనం, ఎందుకంటే రెండు ఖండాలకు చెందిన పేరును ఒకే దేశం సొంతం చేసుకున్న సంగతి అది నాలుకకు తగిలేలా చేస్తుంది. కవయిత్రి మాయా చిన్‌చియా ఈ మాటతోనే కవిత కట్టి, అమెరికాకు మధ్య ఎక్కడ అని అడిగింది. మెక్సికో మూలాలవారికి ‘చికానో’ అన్న పేరూ, ఉద్యమమూ, విశ్వవిద్యాలయ శాఖలూ ఉన్న చోట, వీరికి పేరే ఒక ప్రశ్న.

నికరాగువా విషయంలో పరిస్థితి తలకిందులైంది. అక్కడ రచయితలు దేశాన్ని వదలడానికి ముందూ తర్వాతా, దేశమే వారిని వదిలేసింది. 2023 ఫిబ్రవరిలో ఆ ప్రభుత్వం 94 మంది పౌరసత్వం రద్దు చేసినప్పుడు, ఆ జాబితాలో సెర్వాంతెస్ పురస్కారం పొందిన నవలాకారుడు సెర్హియో రమీరెస్, కవయిత్రి హియోకోందా బెల్లి ఉన్నారు.

ఇంతవరకూ చెప్పిందంతా స్పానిష్ మాట్లాడేవారి కథ. ‘వోస్’ వారి మాట. గ్వాటెమాలా కొండల్లోని మాయా ప్రజలకు ఆ ‘వోస్’ కూడా పైనుంచి పడిన మాటే; చాలా సందర్భాల్లో దొర పాలేరును పిలిచిన మాట. వారి గుర్తింపు మామ్, కిచే, కాన్‌హొబాల్ భాషల్లో ఉంది. అమెరికా వలస న్యాయస్థానాల్లో ఎక్కువగా దుబాసీలు అవసరమయ్యే పది భాషల్లోకి మామ్ చేరడం చాలామంది అధికారులను ఆశ్చర్యపరిచింది. లాటినోలంటే స్పానిష్ అనుకున్నవారికి ఎదురుగా, స్పానిష్ అంతంత మాత్రంగా వచ్చినవారు నిలబడ్డారు. మొమోస్తెనాంగోకు చెందిన కిచే కవి ఉంబెర్తో అకాబాల్ తన కవితలను కిచేలోనూ స్పానిష్‌లోనూ రాశాడు. 2004లో ఆయనకు గ్వాటెమాలా జాతీయ సాహిత్య పురస్కారం ఇస్తే తిరస్కరించాడు. ఆ పురస్కారం మిగెల్ ఆంహెల్ అస్తూరియాస్ పేరు మీద ఉంది. నోబెల్ పొందిన ఆ రచయిత 1923లో ఆదివాసులను జాతిపరంగా కించపరుస్తూ పరిశోధన వ్యాసం రాశాడు. మాయా గాథలను నవలగా మలిచి ప్రపంచఖ్యాతి పొందిన మనిషి పేరున్న బహుమతిని ఒక మాయా కవి వద్దన్నాడు. మింగిన మాట కింద మరో మింగిన మాట ఉందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు.

గారిఫునాల సంగతి ఇంకా దూరం పోతుంది. ఆఫ్రికా నుంచి వచ్చినవారూ కరీబియన్ ఆదివాసులూ సెయింట్ విన్సెంట్ దీవిలో కలిసి ఏర్పడిన జాతి ఇది. బ్రిటిష్ సైన్యం వారిని ఓడించి, పక్క దీవిలో బంధించి, ఆకలికీ జబ్బులకూ వదిలేసి, మిగిలిన రెండు వేల పైచిలుకు మందిని 1797లో హోండురాస్ తీరానికి ఎదురుగా ఉన్న రోవతాన్ దీవిలో దించేసి పోయింది. అక్కడి నుంచి వారు హోండురాస్, బెలీజ్, గ్వాటెమాలా, నికరాగువా తీరాలకు పాకారు. తర్వాత న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కు వలస వెళ్లారు. 1990 మార్చి 25న అక్కడి హ్యాపీ లాండ్ అనే క్లబ్బుకు ఒకడు నిప్పు పెట్టినప్పుడు 87 మంది చనిపోయారు. వారిలో అధికులు హోండురాస్‌వారు, చాలామంది గారిఫునాలు. పుంతా పాటకు నాట్యమాడడానికి చేరినవారు.

పుంతా అంటే గారిఫునాల లయ. గట్టి చెక్కను తొలిచి, తోలు బిగించిన రెండు డోళ్లు, గింజలు నింపిన గిలకలు, శంఖం, కొన్నిసార్లు తాబేటి చిప్పలు. చావు జాగరణలోనూ పండుగలోనూ అదే మోగుతుంది. 1991లో హోండురాస్ బృందం బాండా బ్లాంకా పాడిన ‘సోపా దె కరకోల్’ లాటిన్ అమెరికా అంతటా మోగిపోయింది. శంఖం పులుసు అని అర్థం. అందులోని గారిఫునా మాటలకు భావమేమిటో తెలియకుండానే లక్షలాది మంది వాటిని అరుస్తూ నాట్యం చేశారు. పాటకు మూలం బెలీజ్ గాయకుడు చికో రామోస్‌ది. భాష జనం నోట్లో ఉంటూనే అర్థం లేని చప్పుడుగా మిగలడం కూడా ఒక రకం మింగడమే.

హోండురాస్ గారిఫునా గాయకుడు ఔరెలియో మార్తీనెస్ 2011 ఆల్బమ్‌లో ‘యాలిఫు’ అనే పాట ఉంది. యాలిఫు అంటే గూడబాతు. అమెరికాకు వలస పోయిన తండ్రిని తలచుకుంటూ, నీ రెక్కలు కాస్త అరువియ్యి అని పాట ఆ పక్షిని అడుగుతుంది. మేఘాన్నో హంసనో రాయబారం పంపే మన పద్ధతి తెలిసినవారికి ఈ వేడుకోలు కొత్తగా అనిపించదు. ఇక్కడ మాత్రం పాడుతున్నది పిల్లవాడు, పక్షి చేరవలసినది వలస పోయిన తండ్రిని, కాబట్టి కబురు చేరితే చాలదు, తానే పోవాలి. 2025 మార్చి 17న ఔరెలియో రోవతాన్ నుంచి ఎక్కిన విమానం బయలుదేరిన కొద్ది నిమిషాలకే సముద్రంలో కూలి, ఆయన మరణించాడు. ఆయన పూర్వీకులను 1797లో దించేసిన దీవి అదే.

ఆయనకు మిత్రుడూ, దారి చూపినవాడూ బెలీజ్ గాయకుడు ఆండీ పలాసియో. 2007లో వచ్చిన ‘వాతినా’ ఆల్బమ్ ప్రపంచమంతటా పేరు తెచ్చింది; మరుసటి జనవరిలోనే, 47 ఏళ్ల వయసులో, పలాసియో చనిపోయాడు. అందులోని ఒక పాట, రాబోయే రోజుల్లో నాతో గారిఫునాలో ఎవరు మాట్లాడతారు అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఆయనకు ఎక్కడ పుట్టిందో ముఖాముఖుల్లో చెప్పేవాడు. 1980లో, యువకుడిగా, నికరాగువా అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేయడానికి వెళ్లి, తీరంలోని ఒక గారిఫునా పల్లెకు చేరాడు. భాష అక్కడ దాదాపు పోయింది. ముసలివాళ్లు కొందరికే వచ్చు. ఒక వృద్ధుడిని పలాసియో గారిఫునాలో పలకరించాడు. ఇంత చిన్నవాడు ఆ భాష మాట్లాడటం ఆ ముసలాయన మొదట నమ్మలేదు. తర్వాత దగ్గరికి లాక్కుని కౌగిలించుకున్నాడు.